రెండో ప్రాధాన్యం వేస్తే మొదటి ఓటు బలం తగ్గుతుందా?

ప్రశ్న: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో నేను ఎప్పుడూ 1 అంకె ఒక్కటే వేసి వస్త. 2 గూడ వేస్తే మనోనికే దెబ్బ అని దోస్తులు అంటరు. నిజమేనా? (మిర్యాలగూడ)

జవాబు: కాదండీ. ఈ ఎన్నికలో నచ్చిన వరుసలో అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేస్తారు. మీరు 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ మీ బ్యాలెట్ ఆయన కట్టలోనే ఉంటుంది. 2 ఎవరికి వేశారన్నది లెక్కలోకే రాదు. ఆయన ఎలిమినేట్ అయితేనే ఆ కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, 2 ఎవరికుంటే వారి కట్టలో వేస్తారు. ఆ రెండో మనిషి అప్పటికే పోటీలో లేకపోతే 3 చూస్తారు. ‘అందరి రెండో ప్రాధాన్య ఓట్లూ కలిపేస్తారట’ అని టీ కొట్టు దగ్గర వినపడే మాట తప్పు. తప్పుకున్నవాళ్ల కట్టలే విప్పుతారు.

చిన్న లెక్క చూడండి. చెల్లిన ఓట్లు 1001. సగం 500.5, అరను వదిలేసి 1 కలిపితే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, 501. మొదటి ప్రాధాన్యంలో ‘అ’కు 400, ‘ఆ’కు 320, ‘ఇ’కి 180, ‘ఈ’కి 101 వచ్చాయనుకుందాం. అందరికన్నా వెనకున్న ‘ఈ’ ముందు తప్పుకుంటారు. ఆ 101 కాగితాల్లో 41 ‘అ’కు, 30 ‘ఆ’కు, 10 ‘ఇ’కి పోయాయి. మిగతా 20 మీలాగే 1 ఒక్కటే వేసినవారివి. అవి పక్కన పెట్టేసినట్టే, ఇక ఎవరికీ చెందవు. తర్వాత 190తో ‘ఇ’ వంతు. అందులో 50 ‘అ’కు, 110 ‘ఆ’కు, 30 పక్కకు. ఇప్పుడు ‘అ’ 491, ‘ఆ’ 460. మొదట 80గా ఉన్న తేడా 31కి వచ్చింది. పక్కన పెట్టిన కాగితాలు మొత్తం 50, అంటే తేడా కన్నా ఎక్కువ. 1 ఒక్కటే వేసినవారు ఏం పోగొట్టుకున్నారో అక్కడుంది.

ప్రశ్న: మీ లెక్కలో 501 ఎవరికీ రాలేదు కదా, మళ్లీ ఎన్నిక పెడతరా? (దేవరకొండ)

జవాబు: అవసరం లేదు. ఓట్లు పక్కకు పోయాయని కోటాను తగ్గించరు. 460 ఉన్న ‘ఆ’ను కూడా తప్పిస్తారు, ఒక్కరే మిగులుతారు కాబట్టి 491తోనే ‘అ’ గెలిచినట్టు ప్రకటిస్తారు. 2024 జూన్‌లో నల్లగొండలో జరిగిన ఉప ఎన్నిక లెక్కింపులో కోటా 1,55,095. కాంగ్రెస్ అభ్యర్థి తీన్మార్ మల్లన్నకు మొదటి ప్రాధాన్యంలో 1.22 లక్షలు, బీఆర్ఎస్ అభ్యర్థి రాకేశ్ రెడ్డికి 1.04 లక్షలు వచ్చాయి, కోటా ఎవరికీ అందలేదు. బరిలో 52 మంది ఉన్నారు కాబట్టి కింది నుంచి ఒక్కొక్కరినే తప్పిస్తూ రావాల్సి వచ్చింది. ఇదే స్థానంలో 2021లో 71 మంది! ఫలితం నాలుగో రోజుకు గానీ తేలలేదు. యంత్రం లేదు, అంతా చేతిపనే: కాగితాలు కలిపి 25 చొప్పున కట్టలు కట్టడంతోనే బోలెడు సమయం పోతుంది.

ప్రశ్న: డిగ్రీ చదివినోళ్ల ఓట్లు అన్ని చెల్లకుంట ఎట్ల పోతయి? (నాగర్‌కర్నూల్)

జవాబు: అలవాటు వల్లనే. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా ఓటు పోయినట్టే. 1 ఎవరికీ లేకపోయినా, ఇద్దరికి ఉన్నా, ఒకే పేరు ఎదుట 1, 2 రెండూ ఉన్నా అంతే. సంతకం గానీ వేలిముద్ర గానీ పడకూడదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి, జేబులోని బాల్ పెన్ తీయొద్దు. రోమన్ అంకెలు, తెలుగు అంకెలు కూడా చెల్లుతాయి. తెలుగు అంకెలు వేసేవారు ఎందరుంటారో గానీ!

1 సరిగా వేసి, 2 మరిచి 3కి దూకితే మాత్రం ఓటు చెల్లుతుంది. 1 వరకే లెక్క, 3ను పట్టించుకోరు. 2 ఇద్దరికి వేసినా అదే సంగతి.

ప్రశ్న: పోయినసారి ఓటేసిన. లిస్టుల పేరు ఉన్నట్టేనా? (వనపర్తి)

జవాబు: ఉండదు. ఈ జాబితాను ఎన్నిక ఎన్నికకూ కొత్తగా రాస్తారు, కాబట్టి పేరు నమోదుకు దరఖాస్తు అయిన ఫారం-18 మళ్లీ ఇవ్వాల్సిందే. అర్హత తేదీ నవంబర్ 1; దానికి కనీసం మూడేళ్ల ముందే డిగ్రీ పూర్తయి ఉండాలి. జిల్లాలు విడిపోయినా మీది మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ స్థానమే. ఇక్కడి ఎమ్మెల్సీకి 2021లో మొదలైన ఆరేళ్ల గడువు 2027 మార్చిలో ముగుస్తుంది కాబట్టి 2026 నవంబర్ 1 తేదీని దృష్టిలో పెట్టుకుని డిగ్రీ సర్టిఫికెట్ నకలు సిద్ధం చేసుకోండి.