సెక్యూర్ బూట్ ఆపేస్తే డ్రైవర్ పనిచేసింది, అలాగే వదిలేయాలా?

ప్రశ్న: ఉబుంటు (లినక్స్) 24.04లో కొత్తగా గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాను. రీస్టార్ట్ చేసినప్పుడు మధ్యలో ఏదో నీలం స్క్రీన్ వచ్చి పోయింది. ఆ తరువాత రెజల్యూషన్ పడిపోయింది, రెండో మానిటర్ కనబడడం మానేసింది. డ్రైవర్ తీసేసి మూడుసార్లు మళ్లీ వేశాను. చివరికి ఎవరో చెబితే బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేశాను, అంతా సరైపోయింది. ఇలాగే వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. సెక్యూర్ బూట్ అంటే, నమ్మదగిన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ అయ్యేటప్పుడు నడవనివ్వని కాపలా. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి. దాదాపు ప్రతిదాంట్లోనూ చివర ఈ మాటే ఉంటోంది: సెక్యూర్ బూట్ ఆపేశాను, పనిచేసింది. నాకు దిగులు పుట్టిస్తున్నది ఆ మాటే.

మీ డ్రైవర్‌లో ఏ లోపమూ లేదు. అది సరిగ్గానే తయారైంది, కాకపోతే దాని మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) గుర్తుపట్టలేదు. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు మళ్లీ వేసినా ఫలితం అదే. టెర్మినల్‌లో 'సుడో మోడ్‌ప్రోబ్' అని కొట్టి పక్కన ఆ మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) పేరు ఇస్తే అసలు కారణం ఒక్క లైనులో తెలిసేది. 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వస్తే గొడవ సంతకంతోనే. 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అంటే ఈ కెర్నెల్‌కు ఆ మాడ్యూల్ అసలు తయారే కాలేదు. 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అంటే చాలాసార్లు అది వేరే కెర్నెల్ కోసం తయారైన మాడ్యూల్. మూడు జబ్బులు, మూడు మందులు. ఆ లైను చదవకుండానే అందరూ బయోస్‌లోకి పరుగెడుతున్నారు.

వచ్చి పోయిన ఆ నీలం స్క్రీనే మీకు కావలసింది. డ్రైవర్ వేసేటప్పుడు మీ కంప్యూటర్‌లోనే ఒక సంతకపు కీ తయారవుతుంది. దాన్ని నమ్మమని చెప్పడానికి మెషీన్ ముందు మనిషి కూర్చుని ఒప్పుకోవాలి. ఆ స్క్రీన్ అడిగేది ఆ ఒప్పుకోలునే. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది తప్పుకుని మామూలుగా బూట్ అయిపోతుంది. ఎందుకు వచ్చిందో, తప్పిపోతే ఏమవుతుందో దాని మీద ఒక్క వాక్యం కూడా ఉండదు. భద్రతకు సంబంధించిన ఇంత ముఖ్యమైన నిర్ణయాన్ని అంత హడావుడిగా, అంత అంటీముట్టనట్టు అడగడం దారుణమైన డిజైన్. జనం సెక్యూర్ బూట్ ఆపేసుకుంటున్నారంటే సగం తప్పు ఆ స్క్రీన్‌దే.

ఆపేస్తే పోయేదేమిటి? ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) బూట్‌లోడర్ (కెర్నెల్‌ను లేపే ప్రోగ్రామ్) సంతకాన్ని చూస్తుంది, బూట్‌లోడర్ కెర్నెల్‌ను చూస్తుంది, కెర్నెల్ మాడ్యూళ్లను చూస్తుంది. మీరు తెంచింది ఈ గొలుసును. ఇక ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగంలో) ఎవరు ఏది పెట్టినా, మీరు డిస్క్ పాస్‌వర్డ్ కొట్టకముందే అది నడుస్తుంది. ఆ పార్టిషన్‌ను తుడవకుండా లినక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే అది అక్కడే మిగిలిపోవచ్చు కూడా. ఇది ఊహ కాదు. 2024 నవంబరులో భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు 'బూట్‌కిట్టీ' అనే బూట్‌కిట్‌ను (బూట్ అయ్యేటప్పుడే దూరే హానికర ప్రోగ్రామ్‌ను) బయటపెట్టారు. అది ఉబుంటులోని కొన్ని వెర్షన్ల మీద గురిపెట్టి రాసినది. ప్రయోగంగా చేసినదే గానీ దాని సంతకం సొంతంగా చేసుకున్నది కాబట్టి, దాడి చేసేవాడు తన సర్టిఫికెట్‌ను ముందే ఎక్కించి ఉంటే తప్ప, సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్‌లో అది నడవదు. మీ మెషీన్‌లో మాత్రం ఇప్పుడు ఆ అడ్డు లేదు.

ముందు సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. పక్కనే విండోస్ ఉండి దానికి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) పెట్టుకుని ఉంటే, రికవరీ కీ చేతిలో ఉంచుకున్నాకే బయోస్ ముట్టుకోండి. ఈ సెట్టింగ్ మారితే చాలు, అది ఆ కీ అడగవచ్చు. రెజల్యూషన్ మళ్లీ పడిపోతుంది, కంగారుపడకండి. '/వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్' ఫోల్డర్‌లో '.డెర్' అని ముగిసే ఫైలు ఉంటుంది, ఆ సంతకపు కీ సర్టిఫికెట్ అదే. దాన్ని 'సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్'కు ఇవ్వండి. అది ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. నీలం స్క్రీన్‌లో కీబోర్డ్ లేఅవుట్ వేరుగా ఉండవచ్చు కాబట్టి గుర్తులేవీ లేకుండా ఉత్త చిన్న అక్షరాలే వాడండి. రీస్టార్ట్ చేసి స్క్రీన్ ముందు నుంచి కదలకుండా కూర్చోండి. నీలం స్క్రీన్ రాగానే ఒక కీ నొక్కి 'ఎన్‌రోల్ మోక్' (మోక్ అంటే ఆ సంతకపు కీయే) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. దాని పని అంతటితో సరి, ఆ కీ మారనంత వరకు మళ్లీ అక్కర్లేదు.

ఒక సంగతి దాచను. ఆ సంతకపు కీ మీ డిస్క్‌లోనే ఉంటుంది. రూట్ అధికారం (మెషీన్ మీద పూర్తి పట్టు) సంపాదించినవాడు దాంతో తన మాడ్యూల్ మీదా సంతకం పెట్టుకోగలడు. అయినా తాళం బలహీనంగా ఉందని తలుపే పీకేసుకోం కదా.

ప్రశ్న: కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ నా డ్రైవర్ పోతోంది. హెడర్లు వేసుకునే ఉన్నాను.

జవాబు: ఏ హెడర్లు? నడుస్తున్న కెర్నెల్‌కు 'యూనేమ్ -ఆర్' చూపించిన నంబరుతో వేసుకుని ఉంటారు. మాడ్యూల్ కట్టడానికి కావలసిన ఆ ఫైళ్లు ఆ ఒక్క కెర్నెల్‌కే పనికొస్తాయి. 24.04 మొదట 6.8 కెర్నెల్‌తో వచ్చింది. హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కొత్త కెర్నెళ్ల) దారిలో ఉన్నవారికి తరువాత 6.11, ఆపైన 6.14 వచ్చాయి. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు దాని హెడర్లు లేకపోతే డీకేఎంఎస్ (ప్రతి కెర్నెల్‌కూ మాడ్యూల్‌ను మళ్లీ కట్టే పనిముట్టు) మాడ్యూల్‌ను కట్టకుండా వదిలేసి ఆ సంగతి ఒక్క లైనులో చెబుతుంది. వందల లైన్ల మధ్య దాన్ని ఎవరు చూస్తారు? అప్‌డేట్ మాత్రం విజయవంతంగా ముగుస్తుంది. తెరే రాని కంప్యూటర్‌ను వాడేవాడికి అప్పగించి, అంతా బాగుందని చెప్పే ఏ అప్‌డేట్‌నూ నేను సమర్థించలేను. మీరు నంబరు లేని 'లినక్స్-హెడర్స్-జెనరిక్' ప్యాకేజీ వేసుకోండి, హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ అయితే దానికి సరిపోయే హెచ్‌డబ్ల్యూఈ హెడర్ల ప్యాకేజీ. అప్పుడు ప్రతి కెర్నెల్ వెంటా దాని హెడర్లు వాటంతటవే వస్తాయి. ఈసారి రీస్టార్ట్ చేసేముందు 'డీకేఎంఎస్ స్టేటస్' కొట్టి, కొత్త కెర్నెల్ నంబరు పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని ఉందో లేదో చూడండి. లేకపోతే రీస్టార్ట్ చేయకండి.