ఒక మచ్చ, రెండు కోతలు, ఒక పూతరేకుల పెట్టె

భుజం మీద పుట్టుమచ్చ తీయిస్తే బయాప్సీలో ‘మోడరేట్ డిస్‌ప్లాసియా, అంచుకి ఆనింది’ అని వచ్చిందనీ, చుట్టూ ఇంకాస్త చర్మం తీద్దామంటున్నారనీ, తీయించుకోవాలా అనీ అడిగారు. అంటే మచ్చలో కణాలు క్యాన్సరు కాకపోయినా ఓ మోస్తరుగా తేడాపడ్డాయి, అవి కోసిన ముక్క అంచుదాకా ఉన్నాయి అని. ఆయ్, నేను తీయించుకున్నానండి. కానీ నాది సివియర్, తేడా బాగా ఎక్కువ. మైల్డ్ అయితే మామూలుగా వదిలేస్తారు, సివియర్ అయితే మళ్ళీ కొయ్యమంటారు. మధ్యలో మీలాంటివాళ్ళకే తలనొప్పి. పైకి మచ్చ మిగల్లేదు కదా, కనిపెట్టుకుని ఉందాం అనే డాక్టర్లున్నారు, తీసేస్తే గొడవొదిలిపోద్ది అనేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే ముందు ఆ రిపోర్టుని ఇంకో పేథాలజిస్టు చేత, అంటే కోసిన ముక్కని మైక్రోస్కోపులో చూసి చెప్పే డాక్టరు చేత, చదివించండి. మనవాళ్ళకి ల్యాబ్ కాగితమంటే బ్రహ్మరాత!

మాది పాలకొల్లు, కొబ్బరి వ్యాపారం. మూడేళ్ళ క్రితం వీపుకి నూనె రాస్తూ మా ఆవిడ చూసింది. కుడి రెక్క కింద శనగ గింజంత ఉండే మచ్చ చింతగింజంత అయింది. ఒక పక్క నలుపు, ఒక పక్క ఎర్రమట్టి రంగు. మా మేనత్తేమో ‘మగాడికి కుడి వీపున మచ్చ లక్ష్మీకళరా, ముట్టుకోకు’ అని పంచాంగం తెరిచి మరీ చూపించింది. ఇన్నేళ్ళలో ఆ లక్ష్మి నా బాకీ ఒక్కటి వసూలు చేసిపెట్టిన పాపాన పోలేదు.

తీయించాను. సివియర్ అన్నారు, అంచుకి ఆనిందన్నారు. ‘వచ్చే వారం రండి, చుట్టూ ఇంకో అర సెంటీమీటరు తీద్దాం’ అని రెండు నిమిషాల్లో పంపేశారు. ల్యాబ్‌కెళ్ళి స్లైడ్లూ, ముక్క దాచిన మైనం దిమ్మా అడిగితే ముందు ఇవ్వమన్నారు. డాక్టరు చీటీ తెస్తే ఇచ్చారు. అవి అడగొచ్చని మనకెవరూ చెప్పరు.

గాజు పలకలు పగలకుండా దూది చుట్టి, ఇంట్లో ఖాళీగా ఉన్న పూతరేకుల పెట్టెలో పెట్టుకుని నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. భీమవరం దాటాక ఎదుటి సీటాయన ‘ఆత్రేయపురంవాండీ?’ అన్నాడు. పరధ్యానంలో ఆయ్ అన్నాను. ‘ఒకటి రుచి చూపించండి మరి’ అన్నాడు. ‘ఇందులో ఉన్నది నా వీపండీ’ అని చెప్పాక, తెల్లారేదాకా నా వైపు తిరిగితే ఒట్టు.

హైదరాబాదులో పేథాలజిస్టు మేడం తెర మీద చూపించింది. అంతా గులాబీ, ఊదా రంగులు. ముక్కని కొయ్యకముందే అంచులకి సిరా పూస్తారట. చేలో నీళ్ళు గట్టుకి ఆనినట్టు ఆ తేడా కణాలు సరిగ్గా ఆ సిరా గీత దాకా వచ్చి ఆగాయి. ‘పలచటి రేకులుగా కోసి కొన్నే చూస్తామండీ, మధ్యలో ఉన్నవి చూడం’ అంది. రేకులు అనగానే నా చూపు పెట్టె మీదకి పోయింది. మైల్డ్ అంటుందేమోనన్న ఆశతో పోయినవాణ్ణి, ఆవిడా సివియరే అంది. ‘క్యాన్సరు కాదు, కానీ ఇది మిగలకుండా ఉంటేనే మంచిది.’

తిరిగొచ్చి కోయించుకున్నాను. పధ్నాలుగు రోజులు బోర్లా పడుకోవడం, కాయల బస్తా ముట్టుకోకపోవడం. వీపు చర్మానికి లాగుడెక్కువ, మచ్చ పోయిన చోట వేలెడు వెడల్పు గాటు మిగిలింది. తీరా రెండో ముక్కలో ఏమీ లేదు! ‘డబ్బు దండగ’ అని మా బావమరిది ఇప్పటికీ సణుగుతాడు. చాలామందికి ఇలాగే రెండో ముక్కలో ఏమీ దొరకదట. దొరకదని ముందే తెలిస్తే నేనూ కోయించుకోకపోదును.

మీది రెండోసారి చూసినా మోడరేటే అంటే, కంటికేమీ మిగల్లేదంటే, నేనైతే ఆగుతాను. మీ డాక్టరుని అడిగే ఆగండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఉంచుకోండి, గాటులో మళ్ళీ రంగు కనిపిస్తే వెంటనే వెళ్ళండి. అన్నట్టు అరికాళ్ళూ, గోళ్ళ కిందా చూసుకోండి. మన ఒంటిరంగు వాళ్ళకి మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే క్యాన్సరు, రావడమే అరుదు, వస్తే ఎక్కువగా అక్కడే. మనమేమో ఉత్తకాళ్ళతో బురదలో తిరిగి, నల్లగా ఏది కనిపించినా ముల్లు గుచ్చుకుందని సున్నం రాస్తాం.

స్లైడ్లు ఆ పెట్టెలోనే బీరువాలో ఉన్నాయి. సంక్రాంతికొచ్చిన మా మనవడు ఏటా దాన్ని తెరుస్తాడు, ఏటా మొహం మాడ్చుకుంటాడు.