క్రీమ్ సంగతి తర్వాత, ముందు మొహం దేంతో కడుగుతున్నారో చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే ఐదేళ్ల కిందటి నన్ను నేనే చూసుకున్నట్టుందండీ. 52 ఏళ్లు, మొహం కడుక్కున్న పది నిమిషాలకే చర్మం బిర్రుగా లాగేస్తోంది, క్రీమ్ రాస్తే ఒక అరగంట హాయిగా ఉండి మళ్లీ మొదటికొస్తోంది, ఇప్పుడు "ఏజ్ రిపేర్" అని రాసున్న డబ్బా కొనాలా, సెరమైడ్లు (చర్మంలో సహజంగానే ఉండే ఒక రకం కొవ్వు) ఉన్న మామూలు ట్యూబ్ కొనాలా అని అడిగారు. నాకిప్పుడు 57. ఈ ఐదేళ్లలో నేను కొని, నాలుగు రోజులు రాసి, పక్కన పడేసిన డబ్బాలు ఒక సొరుగు నిండా ఉన్నాయి. డాక్టర్ని కాను, ఆ సొరుగు నేర్పిన పాఠాలే చెప్తాను.

మీరు క్రీముల గురించి వివరంగా రాశారు గానీ మొహం దేంతో కడుగుతున్నారో రాయలేదు. నేనైతే పాతికేళ్లుగా ఒంటి సబ్బుతోనే మొహం కూడా కడిగేదాన్ని. కడిగాక చెంప మీద వేలు పెట్టి రుద్దితే కీచుమనేది. అలా కీచుమంటేనే శుభ్రంగా కడిగినట్టు అని నా లెక్క. వేరే పని మీద ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి వస్తే ఆవిడ నవ్వి, "ఆ చప్పుడు గిన్నెలు తోమినప్పుడు రావాలమ్మా, మొహం కడిగినప్పుడు కాదు" అన్నారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. చర్మం పైపొరలో కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సిమెంటులా ఒక రకం కొవ్వు ఉంటుంది. అందులో దాదాపు సగం సెరమైడ్లే, మిగతాది కొలెస్టరాల్, ఫ్యాటీ ఆసిడ్లు. లోపలి తడి బయటికి ఆవిరైపోకుండా ఆపేది ఈ సిమెంటే. చర్మం పైన సహజంగా కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. మామూలు సబ్బుది 9, 10 ఉంటుంది. రోజూ రెండుసార్లు సబ్బు పెడితే ఆ కొవ్వు కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. ముప్పై ఏళ్ల వయసులో చర్మం దాన్ని మళ్లీ త్వరగానే పూడ్చుకుంటుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గుతుంది, నూనె గ్రంథులు నెమ్మదిస్తాయి, పైపొర బాగుపడటానికి ఎక్కువ రోజులు పడుతుంది. మొదటి ఐదేళ్లలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ దాదాపు 30 శాతం తగ్గుతుందంటారు. అంటే అలవాటు పాతదే, దాన్ని తట్టుకునే చర్మమే ఇప్పుడు లేదన్నమాట.

అందుకని పొద్దున వట్టి నీళ్లతో కడగడం, రాత్రి మాత్రం నురగ రాని, వాసన లేని క్లెన్సర్ వాడటం మొదలుపెట్టాను. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు, వేడివేడిగా వద్దు. మొదటి వారం మొహం కడిగినట్టే అనిపించలేదు, ఏదో వెలితి. రెండు వారాలకల్లా, అదే పాత క్రీమ్ రాస్తున్నా, ఆ లాగడం సగానికి సగం తగ్గింది. అనవసరంగా అన్ని డబ్బాలు కొన్నానే అని అప్పుడు ఏడుపొచ్చింది.

ఇప్పుడు క్రీమ్. ఏ మాయిశ్చరైజర్ అయినా మూడు పనుల్లో ఒకటో, రెండో, లేదా మూడూనో చేస్తుంది. తడిని పట్టి ఉంచడం: గ్లిసరిన్, హయలురోనిక్ ఆసిడ్, యూరియా లాంటివి. పొట్టు రేగిన చోట నునుపు చేయడం: స్క్వాలేన్, షియా బటర్, సెటైల్ ఆల్కహాల్ లాంటివి (పేరులో ఆల్కహాల్ ఉంది కదా అని భయపడకండి, ఇది మైనంలాంటి పదార్థం, ఎండగొట్టదు). ఆ తడి పోకుండా పైన మూత వేయడం: పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్, లానొలిన్. పొడి చర్మానికి ఈ మూడూ కావాలి. నేను బోల్తా పడింది ఇక్కడే. అందరూ హయలురోనిక్ అంటున్నారని నీళ్లలా ఉండే సీరం ఒకటి కొని, రాత్రి అదొక్కటే రాసుకుని, ఏసీ గదిలో పడుకున్నాను. పొద్దున లేచేసరికి నవ్వితే చెంపలు చిట్లుతాయేమో అన్నంత బిగుసుకుపోయాయి. పైన మూత లేకపోతే, గాలి పొడిగా ఉన్నచోట అది పట్టి ఉంచిన తడి కూడా ఆవిరైపోతుందట. ఆ సీరంనే తడి మొహం మీద రాసి, పైన చిక్కటి క్రీమ్ రాస్తే మాత్రం బాగా పనిచేసింది. అలాగని సీరం తప్పనిసరి ఏమీ కాదు. క్రీమ్‌లో గ్లిసరిన్ ముందు వరుసలో ఉంటే దాదాపు ఆ పనంతా అదే చేసేస్తుంది, కాకపోతే పాపం దానికి పబ్లిసిటీ లేదు.

పెట్రోలియం జెల్లీ సంగతీ అంతే. 1872లో రాబర్ట్ చెస్‌బ్రో పేటెంట్ తీసుకున్న వస్తువు, ఇప్పటికీ తడిని ఆపడంలో దాన్ని మించింది లేదు. జిడ్డుగా ఉంటుంది, దిండు గలీబుకి అంటుకుంటుంది, నిజమే. నేను మొహమంతా రాయను. రాత్రి క్రీమ్ రాసుకున్నాక పెదవుల చివర్లు, కళ్ల కింద ఎముక మీద, ముక్కు పక్కన చిటికెన వేలితో ఒక్క చుక్క అద్దుతాను, అంతే. మొటిమలు వచ్చే చర్మమైతే ఇంత బరువైనవి మొహమంతా పూయకపోవడమే మంచిది.

డబ్బా ముందువైపు రాసింది వదిలేసి వెనకవైపు చూడండి. అక్షరాలు చీమల్లా ఉంటాయి, నేను ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదువుతాను. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అందుకే ముందువైపు పెద్దక్షరాల్లో మెరిసే పదార్థం వెనక జాబితాలో ప్రిజర్వేటివ్‌ల (క్రీమ్ పాడవకుండా కలిపేవి) పక్కన నక్కి ఉంటుంది. అలాగని చివర ఉన్నదల్లా మోసం అనుకోకూడదు, సెరమైడ్లు కొంచెం ఉన్నా పనికొస్తాయి. ముందు ఐదారు పేర్లలో గ్లిసరిన్, ఏదో ఒక నూనె లేదా మైనం రకం, డైమెథికోనో పెట్రోలేటమో (పెట్రోలియం జెల్లీకే ఇంకో పేరు) కనిపిస్తే నాకు నమ్మకం కుదురుతుంది.

"కొలాజెన్ క్రీమ్" అన్నది చూసి మాత్రం మోసపోకండి. 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే లెక్క) కన్నా బరువైన అణువులు చర్మం దాటి లోపలికి వెళ్లడం కష్టం అంటారు. కొలాజెన్ బరువు దాదాపు మూడు లక్షల డాల్టన్లు. అది పైనే కూర్చుని కాస్త తడి పట్టి ఉంచుతుంది, ఆ పని గ్లిసరిన్ కూడా చేస్తుంది. ముడతల మీద నిజంగా ఎంతో కొంత పనిచేసేవి రెటినాయిడ్లు (విటమిన్ ఏ రకం పదార్థాలు), కానీ అవి మొదట్లో చర్మాన్ని ఇంకా ఎండగొట్టి పొట్టు రేపుతాయి. మీ చర్మం ఇప్పుడున్న స్థితిలో వాటి జోలికి వెళ్లొద్దు. లాగడం, మంట పూర్తిగా తగ్గాక, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టొచ్చు. పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఇవన్నీ రాసుకోవడం మాత్రం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఎస్‌పీఎఫ్ 30 చాలు. కిటికీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్లకూ కావాలి, ఎండలోని యూవీఏ కిరణాలు గాజులోంచి వస్తాయి.

వాసన గురించి ఒక మాట. నా పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన ఖరీదైన డబ్బా, మూత తీస్తే గదంతా పూలతోటలా ఉండేది. ఐదో రోజుకి కనురెప్పలు ఎర్రగా ఉబ్బి, పొలుసులు రాలాయి. రెప్పలకి నేను ఆ క్రీమ్ రాయనే లేదు, చెంపల మీంచి అంటుకున్నదే చాలింది. వెనక "పర్ఫ్యూమ్" అని స్పష్టంగానే ఉంది, చదివితేగా! "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నదే తీసుకోండి. "అన్‌సెంటెడ్" అంటే వాసన తెలియకుండా ఉండటానికి ఇంకో వాసన కలిపి ఉండొచ్చు. మిథైల్ ఐసోథియాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ కనిపిస్తే కూడా పక్కన పెట్టేయండి. ఎలర్జీల వల్లే రాసి ఉంచుకునే క్రీముల్లో దాన్ని యూరప్‌లో 2017 నుంచి నిషేధించారు.

అందుకే ఇప్పుడు ఏ కొత్త క్రీమైనా ముందు మోచేతి లోపలివైపు రోజుకి రెండుసార్లు చొప్పున వారం పైనే రాసి చూస్తాను. దురద, ఎరుపు లేకపోతే తర్వాతి పరీక్ష: ఎడమ చెంపకి కొత్తది, కుడి చెంపకి పాతది, రెండు వారాలు. రెండూ ఒకే రోజు, ఒకే గాలి, ఒకే నిద్ర చూస్తాయి కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది. అలా పోల్చినప్పుడే నా అత్యంత ఖరీదైన డబ్బా ఒక సాదాసీదా ట్యూబ్ ముందు ఓడిపోయింది. మా ఆయన్ని ఏ వైపు బాగుంది అని అడిగితే "రెండు వైపులా నువ్వే ఉన్నావు" అన్నారు. ఆ పరీక్షకి ఆయన పనికిరారని తేలిపోయింది.

రాసే పద్ధతి కూడా ముఖ్యమే. మొహం తుడవకుండా తువ్వాలుతో ఒత్తి, ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు రాసేయండి. బఠాణీ గింజంత తీసుకుంటే మొహానికే చాలదు, మెడకి ఇంకొంచెం కావాలి. వీలైతే వేలు ముంచే డబ్బా కన్నా ట్యూబ్ లేదా పంపు మేలు. ప్యాక్ వెనకవైపు, మూత తెరిచిన డబ్బా బొమ్మ మీద 6ఎం, 12ఎం అని ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలని.

ఇక మీ రెండింట్లో ఏది అంటే, వాసన లేకపోతే ఆ సెరమైడ్ల ట్యూబే. మూడు నాలుగు వారాలు ఇవ్వండి, మధ్యలో ఇంకేమీ కొత్తవి కలపొద్దు.

ఒక్కటి గమనించండి. ముక్కు పక్కన, కనుబొమల్లో పసుపు రంగు జిడ్డు పొట్టు రేగి, కింద ఎర్రగా ఉంటే అది పొడితనం కాకపోవచ్చు, సెబోరిక్ డెర్మటైటిస్ అనే చర్మ సమస్య కావచ్చు. నేను అది తెలియక నూనె మీద నూనె పట్టించి నెల రోజులు ఇంకా పెంచుకున్నాను. దానికి యాంటీ ఫంగల్ మందు కావాలి. అలాగే ఒళ్లంతా ఒక్కసారిగా పొడిబారి, అలసట, జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మా అక్క ఏడాది పాటు క్రీములు మార్చింది, చివరికి తేలింది అదే.