జవాబు పత్రంపై హాల్ టికెట్ నంబర్ తప్పు పడితే?

సెమిస్టర్ పరీక్షలో ఓఎంఆర్ షీట్‌పై ఒక అంకె తప్పు దిద్దానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మాల్‌ప్రాక్టీస్ అంటారా అని అడిగారు. పొరపాటును ఎవరూ కాపీ కింద కట్టరు, టెన్షన్ పడకండి. హాజరు పట్టికలో మీ సంతకం దగ్గరే జవాబు బుక్‌లెట్ సీరియల్ నంబర్ కూడా రాయిస్తారు కదా, అదే మీకు ఆధారం. రేపే కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ ద్వారా పరీక్షల విభాగానికి అర్జీ పెట్టండి. సబ్జెక్టు, తేదీ, సరైన నంబర్ రాసి, హాల్ టికెట్ జిరాక్స్ జతచేసి, ఒక కాపీపై అందినట్టు సంతకం తీసుకోండి. ఫలితాలొచ్చేదాకా ఆగితే తిరగడం ఎక్కువవుతుంది. హాల్లోనే గమనిస్తే వైట్‌నర్ జోలికి పోకుండా ఇన్విజిలేటర్‌కి చెప్పాలి. భయపడి లోపలి పేజీల్లో పేరో నంబరో రాస్తే మాత్రం అది నిజంగానే మాల్‌ప్రాక్టీస్ కేసు కావచ్చు.