బూట్లు తొడిగి వదిలితే టెండన్ భద్రమేనా?
గుర్రాల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రేసులు మానేసిన ఏడేళ్ల థరోబ్రెడ్‌ను కొన్నాం. వారంలో ఆరు రోజులు స్వారీ, మిగతా సమయమంతా సాలలోనే. ఆదివారం మాత్రం పక్కనున్న ఎకరం స్థలంలో వదులుతాం. వదలగానే దౌడు తీసి, కంచె దాకా వెళ్లి జారుతూ ఆగుతుంది. టెండన్ దెబ్బతింటుందేమోనని భయం. ఏ బూట్లు కొనమంటారు?
– ఒక పాఠకుడు, మొయినాబాద్

జవాబు: మీ భయంలో అర్థముంది. కానీ ఆ దౌడు నుంచి టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి గట్టి పోగును, కాపాడే బూటు ఎక్కడా దొరకదు. టెండన్‌కు గాయం రెండు రకాలుగా అవుతుంది. ఒకటి బయటి దెబ్బ: వెనకకాలి గిట్ట ముందుకాలికి తగలడం, కంచె కోసుకోవడం. రెండోది లోపలి సాగుడు. బూటు మొదటిదాన్నే ఆపగలదు.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. పై కండరాల నుంచి దిగిన రెండు టెండన్లు ఎముక వెనక ఒకదాని మీద ఒకటిగా కిందికి పోతాయి. చర్మానికి దగ్గరగా ఉన్నదే ఎక్కువగా దెబ్బతింటుంది. నిలబడి ఉన్నప్పుడే బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. దౌడులోనైతే ఒక క్షణం పాటు ఒక్క కాలే మొత్తం భారాన్ని మోస్తుంది. అప్పుడు ఆ టెండన్ తన పొడవులో 10 శాతానికి పైగా సాగుతుంది, తెగే హద్దుకు చాలా దగ్గరికి వెళ్తుంది. లోపలి వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. మందపాటి నియోప్రీన్ (ఒక రకం రబ్బరు) బూటు ఆ వేడిని బయటికి పోనివ్వదు. అందుకే బూటు కన్నా వదిలే పద్ధతి ముఖ్యం.

మొదట ఆదివారం అలవాటు మార్చండి. వారమంతా కట్టేసి ఒక్కరోజు వదిలితే ఏ గుర్రమైనా అలాగే పరుగెడుతుంది. రోజూ వదలండి. మొదట్లో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న చిన్న ఆవరణ చాలు. దౌడు అందుకునే దూరం అందులో ఉండదు. పది పదిహేను రోజులు అందులో ప్రశాంతంగా మేస్తే కాస్త పెంచండి. సాల నుంచి తీసి నేరుగా వదలకండి. స్వారీ అయ్యాక వదలండి, లేదా 15-20 నిమిషాలు చేత్తో నడిపించాక. లోపల మూడు నాలుగు చోట్ల ఎండుగడ్డి ముందే వేసి ఉంచండి. ఇంకో గుర్రం కంటికి కనిపిస్తూ ఉంటే ఇంకా మంచిది, ఒంటరితనమే చాలా గుర్రాలను కంచె వెంట పరుగెత్తిస్తుంది. పని లేని రోజున దాణా తగ్గించి గడ్డి పెంచండి.

గేటు దగ్గర చేసే పనిని మీ సైసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు) చేత ఒకసారి మీ ముందు చేయించి చూడండి. లోపలికి తీసుకెళ్లి, గేటు మూసి, గుర్రం తల గేటు వైపు తిప్పి నిలపాలి. ఒక నిమిషం ఆగి, తల దించాక హాల్టర్ (తలకు తొడిగే పట్టీ) తీసి, తాను వెనక్కి తప్పుకోవాలి. తల మైదానం వైపు ఉండగా హాల్టర్ తీస్తే మొదటి గంతు అక్కడే మొదలవుతుంది. పిరుదు మీద తట్టి పంపడం పూర్తిగా మాన్పించండి.

ఇక బూట్లు. గిట్టలకు లాడాలున్న గుర్రానికి బెల్ బూట్లు (గిట్టను గంటలా చుట్టూ కప్పేవి) పనికొస్తాయి. వెనకకాలి గిట్ట తగిలేది ఎక్కువగా ముందుకాలి మడమకే. బెల్ బూటు వెనక భాగం మడమ ఉబ్బెత్తులను పూర్తిగా కప్పి, నేలకు కొద్దిగా పైన ఆగాలి. పై అంచులో ఒక వేలు దూరాలి. కాళ్లు ఒకదానికొకటి తగిలే అలవాటుంటే, లోపలి వైపు గట్టి పలక ఉన్న బ్రషింగ్ బూట్లు వేయండి. ముందు తెరిచి ఉండే టెండన్ బూట్లు జంపింగ్ కోసం చేసినవి, మేతకు వదిలేటప్పుడు వాటితో పనిలేదు. బూటును కొంచెం పైన ఆనించి కిందికి జరిపితే వెంట్రుకలు సాఫీగా పడుకుంటాయి. పట్టీల కొనలు బయటి వైపు, వెనక్కి చూడాలి. వేసవిలో గంట రెండు గంటలకు మించి ఉంచకండి. తడిసినా, లోపలికి ఇసుక చేరినా వెంటనే తీసేయండి. ఇసుక రాసుకుని చర్మం ఊడటం మొదలైతే పుండు మానడానికి వారాలు పడుతుంది.

ప్రశ్న: మాది నల్లరేగడి నేల. వేసవిలో నెర్రెలు, వానల్లో మోకాటి బురద. మా కాఠియావాడీ గుర్రాన్ని ఎక్కడ వదలాలి? మెత్తగా ఉంటుందని ఇసుక పోయిద్దామనుకుంటున్నాం.
– నంద్యాల జిల్లా

జవాబు: నెర్రెలిచ్చిన నేలలో వదలకండి. గిట్ట అంచు నెర్రెలో దిగి, ఒంటి బరువు ముందుకు పోతే టెండన్ ఒక్క అడుగులో చిరుగుతుంది. వానాకాలం బురదలో గిట్ట అతుక్కుని ఆలస్యంగా లేస్తుంది, వెనకకాలు ఈలోగా ముందుకాలి మడమను తాకుతుంది. ఇసుక మెత్తన కాబట్టి మంచిదనుకోవడం పొరపాటు. లోతైన వదులు ఇసుకలో గిట్టకు ఆనుపు దొరకదు, ప్రతి అడుగుకూ టెండన్ ఎక్కువ పని చేయాల్సి వస్తుంది.

20 మీటర్ల చదరం ఒక్కటి బాగుచేసుకోండి. వదులు మట్టిని 20-25 సెంటీమీటర్లు తీసేసి, అడుగును గట్టిగా దిమ్మిస చేయించండి. నీరు పోవడానికి 100కు 1 లేదా 2 చొప్పున వాలు ఇవ్వండి. జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 15 సెంటీమీటర్ల కంకర వేసి రోలరుతో తొక్కించండి. గుడ్డ లేకపోతే రెండు వానాకాలాల్లో కంకర రేగడిలోకి దిగిపోతుంది. దాని మీద మరో పొర గుడ్డ, ఆపైన 7-8 సెంటీమీటర్ల ముతక ఇసుక చాలు. నడిచినప్పుడు గిట్ట ముద్ర రెండు మూడు సెంటీమీటర్లు దిగితే నేల సరిగా ఉన్నట్టు. గడ్డి మాత్రం తొట్టెలో వేయండి. ఇసుక మీద వేస్తే కడుపులోకి ఇసుక చేరి శూలనొప్పి వస్తుంది.

మూలలు గుండ్రంగా ఉండేలా కంచె వేయండి. నిటారు మూలలో గుర్రం ఒక్కసారిగా తిరగాల్సి వస్తుంది. ముళ్లతీగ వద్దేవద్దు. కర్ర బాదులో, కంటికి కనిపించే వెడల్పాటి టేపు కంచో వేయండి. ఇంకో మాట: పందికొక్కుల బొరియలు. వారానికోసారి ఆవరణంతా కాలినడకన తిరిగి, కొత్త బొరియలను రాళ్లు, మట్టితో దట్టించి పూడ్చండి. పైపైన మట్టి కప్పిన బొరియ, తెరిచి ఉన్నదానికన్నా ప్రమాదం.

ప్రశ్న: మా సైసు నాలుగు కాళ్లకూ గుడ్డ పట్టీలు చుట్టి వదులుతాడు. మంచిదేనా?
– హైదరాబాద్

జవాబు: కాదు. పట్టీ తడిస్తే జారి కాళ్లకు చుట్టుకుంటుంది. ఒకచోట బిగువు, ఒకచోట వదులైతే ఆ ఒత్తిడికే టెండన్ వాస్తుంది. సాలలో కట్టే పట్టీకైనా లోపల 2-3 సెంటీమీటర్ల దూది మెత్త ఉండాలి.

ప్రశ్న: గాయాన్ని మొదట్లోనే ఎలా గుర్తుపట్టాలి? డాక్టరు వచ్చేలోగా ఏం చేయాలి?
– గుంటూరు

జవాబు: కుంటే దాకా ఆగకండి. చిన్న చిరుగుకు గుర్రం కుంటకపోవచ్చు, కుంటినా నాలుగు రోజుల్లో తగ్గి మోసం చేయొచ్చు. ఉదయం సాల నుంచి బయటికి తీయకముందే కాళ్లు తడమండి. ముందు నిలబడి ఉన్న కాలు వెనక అరచేయి ఆనించి వేడి చూడండి. తర్వాత కాలు ఎత్తి, మోకాలు మడిచి పట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు మధ్య టెండన్‌ను పైనుంచి ఫెట్‌లాక్ (గిట్టకు పైనున్న కీలు) దాకా నెమ్మదిగా జార్చండి. అంచులు తాడులా స్పష్టంగా తెలియాలి. ఒకచోట అంచు కలిసిపోయినట్టున్నా, వేలికి మెత్తగా తగిలినా, అక్కడ నొక్కగానే కాలు లాక్కున్నా రెండో కాలితో పోల్చండి. తేడా ఉంటే ఆరోజు స్వారీ లేదు, వదలడం లేదు.

డాక్టరుకు కబురు పెట్టి, కాలి మీద చల్లటి నీళ్లు 20 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పోయండి. మధ్యలో దూది మెత్తతో పట్టీ కట్టండి. వేడి కాపడం, నూనెతో మర్దన వద్దు. వాతలు పెట్టించడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. కాల్చిన చర్మం గుర్రానికి నొప్పినే మిగులుస్తుంది, టెండన్‌ను బాగుచేయదు. నొప్పి మాత్ర మీ అంతట మీరు వేయకండి. నొప్పి తెలియకపోతే గుర్రం ఆ కాలును పూర్తిగా వాడేస్తుంది. అల్ట్రాసౌండ్ మొదటి రోజే తీస్తే గాయం చిన్నదిగా కనిపించొచ్చు, వారం తర్వాత తీసినదాన్ని నమ్మండి.

కాలు వెనక చిన్న గాటు పడినా, తీగ గుచ్చుకున్నా అదేరోజు చూపించండి. టెండన్ చుట్టూ ఉండే సంచిలోకి చీము చేరితే గుర్రం దక్కడం కష్టం. ధనుర్వాతం టీకా సంగతీ అప్పుడే అడగండి, గుర్రాలకు ఆ జబ్బు ముప్పు ఎక్కువ.

ప్రశ్న: టెండన్ చిరిగింది. ఏడాది పాటు మైదానంలో వదిలేస్తే దానంతటదే మానుతుందంటున్నారు. నిజమేనా?
– కరీంనగర్

జవాబు: ఏడాది పడుతుందన్నది చాలావరకు నిజం, 9 నుంచి 12 నెలలు లెక్కేసుకోండి. వదిలేయడం మాత్రం తప్పు. మానేటప్పుడు ఏర్పడే పోగులు మొదట అడ్డదిడ్డంగా ఉంటాయి. కొలత ప్రకారం నడిపిస్తేనే అవి లాగుడు దిశలో సర్దుకుంటాయి. వాపు, వేడి తగ్గాక డాక్టరు చెప్పిన రోజు నుంచి గట్టి నేల మీద 5-10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి 5 నిమిషాల చొప్పున పెంచండి. దుడుకు నడక (ట్రాట్) మూడు నెలల తర్వాతే, అదీ అల్ట్రాసౌండ్ చూశాక. మూడు నెలలకోసారి మళ్లీ తీయించండి. గిట్టలు ఐదారు వారాలకోసారి చెక్కించండి. ముందుభాగం పొడవై మడమ కుంగితే లోపలి టెండన్ మీద లాగుడు పెరుగుతుంది.

స్వేచ్ఛగా వదలడం అన్నిటికన్నా చివర, స్వారీలో దౌడు కూడా బాగా తట్టుకుంటోందని తేలాక. అప్పుడూ 4-5 మీటర్ల చదరం ఆవరణతోనే మొదలుపెట్టండి. మొదటి రోజుల్లో ఉద్రేకం తగ్గించే మందు అవసరమైతే డాక్టరే ఇవ్వాలి. మీది మగ గుర్రమైతే ఆ మాట ముందే చెప్పండి; అలాంటి మందుల్లో ఒకటైన ఎసిప్రొమజిన్ వల్ల అరుదుగా పురుషాంగం చచ్చుబడే ప్రమాదం ఉంది, డాక్టరు వేరే మందు చూస్తారు.