కిట్ బిగించడం ఒక పూట పని, పాత బోల్టు తియ్యడం మూడు రోజుల పని

ప్రశ్న ఇది: "ఇరవయ్యేళ్ళు దాటిన పికప్ ఉంది. బండిని రెండంగుళాలు ఎత్తు లేపే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ ఇంటి దగ్గర నేనే బిగించుకోవచ్చా? వీడియోల్లో నాలుగు గంటలు చాలంటున్నారు."

నాలుగు గంటలనేది అబద్ధం కాదు. కాకపోతే ఆ వీడియోల్లో బండి కింద ఒకసారి చూడండి, బోల్టులన్నీ కడిగిన ముత్యాల్లా మెరుస్తుంటాయి. పానా పెట్టి ఇలా అంటే అలా ఊడొస్తాయి. ముందు రోజే అన్నీ విప్పి, గ్రీజు రాసి, మళ్ళీ బిగించి, అప్పుడు కెమెరా ఆన్ చేస్తారని నా అనుమానం. రుజువేమీ లేదు. అనుమానం మాత్రం గట్టిదే.

నాదీ మీలాంటి పాత పికప్పే. ముందు టార్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. వెనక కమాన్ కట్టలు, అంటే వంచిన ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు. కిట్ పెట్టె తెరిస్తే కొత్త కమాన్ కట్టలు రెండు, పొడుగు షాక్ అబ్జార్బర్లు నాలుగు, కట్టని ఇరుసుకి బిగించే యు-బోల్టులు, బోల్టు దూరే చోట ఉండే రబ్బరు బుష్‌లు, వాటితో పాటు ఒక జెరాక్స్ కాగితం. ఆ కాగితంలో మొదటి వాక్యం "పాత స్ప్రింగులు తీసివేయండి". అంతే. నా మూడు రోజులూ ఆ ఒక్క వాక్యంలోనే గడిచిపోయాయి.

వారం ముందు నుంచీ రోజూ సాయంత్రం బోల్టులన్నిటికీ తుప్పు వదిలే నూనె కొట్టాను. శుక్రవారం మా బామ్మర్ది సాయానికొచ్చాడు. బండిని జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి మొదలెట్టాం. కుడి వైపు కట్ట రెండు గంటల్లో దిగింది. ఎడమ వైపు యు-బోల్టులు, కట్ట వెనక కొసని ఛాసిస్‌కి కలిపే షాకిల్ కూడా ఊడాయి. ఇక మిగిలింది కట్ట ముందు కంట్లో, అంటే ముందు కొసన గుండ్రంగా చుట్టిన రంధ్రంలో, ఉన్న ఒకే ఒక్క బోల్టు. దాని నట్టు సులువుగానే వచ్చింది. పానాకి పొడుగు పైపు తొడిగి బోల్టు తల తిప్పితే పావు చుట్టు తిరిగింది. వదిలితే వెనక్కొచ్చేసింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ వెనక్కి.

"తిరుగుతోంది కదా బావా, ఇంకొంచెం లాగు" అంటాడు వాడు.

తిరుగుతున్నది బోల్టు కాదు, రబ్బరు. బుష్ మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది, బోల్టు దాన్లోంచి పోతుంది. ఇన్నేళ్ళ తుప్పుకి గొట్టం, బోల్టు ఒకటే ముద్దైపోయాయి. తల తిప్పినప్పుడల్లా గొట్టం చుట్టూ ఉన్న రబ్బరు మెలిపడి, వదలగానే తన చోటికి తాను వచ్చేస్తోంది. ఇది అర్థమయ్యేసరికి గంట గడిచింది.

సమ్మెటతో కొట్టాం. బోల్టు కదల్లేదు గానీ, మరలున్న కొస పుట్టగొడుగులా విచ్చుకుంది. అంటే ఇక కదిలినా రంధ్రంలోంచి దూరదు. గ్యాస్‌తో ఎర్రగా కాలిస్తే అదే వస్తుందని వాడన్నాడు. నేను టార్చి వేసి అవతలి వైపు చూశాను. బోల్టు తల లోపలి వైపుంది, దాన్ని ఆనుకున్నట్టే డీజిల్ టాంకీ ఉంది. కాల్చడం మాట అటుంచండి, బోల్టు పూర్తిగా వదులైనా సరే, సగం బయటికి రాగానే వెళ్ళి టాంకీకే కొట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో కమాన్లు బిగించాకే టాంకీ ఎక్కించి ఉంటారు. వాళ్ళకేం, విప్పే పని వాళ్ళది కాదు కదా.

శనివారమంతా టాంకీ దించడానికే సరిపోయింది. డీజిల్ తోడాలి, పైపులు ఊడదియ్యాలి, ప్లాస్టిక్ క్లిప్పులు ముట్టుకుంటే చాలు విరుగుతాయి. ఆదివారం పొద్దున గ్రైండర్ తీశాం. బ్రాకెట్‌కీ కట్ట కంటికీ మధ్య గోరంత సందు. దాంట్లో సన్నని కటింగ్ బిళ్ళ దూర్చి అటొక కోత, ఇటొక కోత. రవ్వలు తగిలి రబ్బరు అంటుకుంది, నల్లటి పొగ, ఆ వాసన రెండ్రోజులు గొంతులోనే ఉండిపోయింది. బామ్మర్ది ఒక చేత్తో తడిగుడ్డ, ఇంకో చేత్తో మంటలార్పే సిలిండరు పట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డాడు. వాడు అంతసేపు నోరు మూసుకుని ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే. రెండో కోత తెగగానే కట్ట దబ్బున కింద పెట్టిన జాకీ మీద పడింది. ఆ బోల్టు ముక్క ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలో ఉంది, గొట్టంతో సహా.

కొత్త బోల్టుని తిప్పి, తల బయటికి, నట్టు టాంకీ వైపుకి వచ్చేలా, గ్రీజు దట్టంగా పట్టించి ఎక్కించాను. తర్వాత కొత్త కట్టలు, యు-బోల్టులు, షాకులు, టాంకీ, అన్నీ చీకటి పడేలోపే అయిపోయాయి. కాబట్టి వీడియోవాళ్ళ నాలుగు గంటలు సరైనవే, లెక్క మొదలెట్టే చోటే తప్పు.

ఇంకో సంగతి. పని మొదలెట్టక ముందు చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న రేకు) అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. నా బండి వెనక ఎడమ వైపు, కుడి కంటే 2 సెంటీమీటర్లు కిందకుంది. కిట్ పడ్డాక కుడి 5 సెంటీమీటర్లు లేస్తే ఎడమ 7 లేచింది. అంటే నేను లిఫ్ట్ అని మురిసిపోయిన దాంట్లో కొంత కొత్త ఎత్తే కాదు, అలసిపోయిన కమాన్లు పోగొట్టుకున్న పాత ఎత్తు. పాత బండ్లకి లిఫ్ట్ కావాలని అడిగేవాళ్ళలో సగం మందికి కావాల్సింది మామూలు కొత్త కమాన్లే. ఈ మాటంటే ఎవరికీ నచ్చదు.

కమాన్లు మార్చకుండా ఇరుసుకీ కట్టకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టేస్తే చాలదా అంటారు. వెనక చిన్న దిమ్మ ఒకటైతే ఫరవాలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. దిమ్మ ఎంత పెరిగితే ఇరుసు కమాన్‌ని మెలి తిప్పే బలం అంత పెరుగుతుంది, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే పట్టీలు పాములా వంకర్లు పోతాయి. ముందు చక్రాల ఇరుసుకైతే దిమ్మలు అసలు పెట్టకూడదు. మీ బండికి ముందు ఏముందో మీరు రాయలేదు. టొయోటా అమెరికాలో అమ్మిన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లకి 1985 మోడల్ దాకా ముందు కూడా కమాన్లే, 1986 నుంచి టార్షన్ బార్లు. ఒక్క ఏడాది తేడాకి కిట్టే మారిపోతుంది.

టార్షన్ బార్లయితే వాటి సర్దుబాటు బోల్టు తిప్పితే చాలు, ముందు భాగం ఉచితంగా లేస్తుంది. అందుకే అందరూ తిప్పేస్తారు. తిప్పితే బార్ గట్టిపడుతుందని, అందుకే బండి ఎగిరెగిరి పడుతుందని చెప్తారు, అది తప్పు. బార్ గట్టిదనం మారదు. చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ వెళ్ళి, దాన్ని మరీ కిందికి దిగకుండా ఆపే రబ్బరుకి దగ్గరవుతుంది, గుంటలో చక్రం కిందికి దిగడానికి చోటుండదు, అందుకే దెబ్బ. పైగా యాక్సిల్ జాయింట్లు వంపు ఎక్కువై త్వరగా పోతాయి. నేను 3 సెంటీమీటర్ల దగ్గర ఆపేశాను. ముందు భాగం కాస్త వంగినట్టుందని మా బామ్మర్ది గొణిగాడు. గొణగనీ.

మా కాగితంలో లేనిది, నన్ను నిజంగా భయపెట్టింది బ్రేకు. మొదటి వారం బ్రేక్ తొక్కితే బండి మూతి నేలకి పొడుచుకునేది, వెనక చక్రాలు నిద్రపోతున్నట్టుండేవి. బ్రేక్ పైపుల్లో గాలి ఉందేమోనని రెండుసార్లు బ్లీడ్ చేశాను, అంటే ఆ గాలి బయటికి తీశాను. చివరికి చూస్తే, ఛాసిస్ మీదున్న ఒక వాల్వ్ నుంచి వెనక ఇరుసుకి ఒక కడ్డీ ఉంది. లోడ్ పడి బాడీ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది. నేను బాడీని లేపేసరికి బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుని ఒత్తిడి తగ్గించేస్తోంది పాపం. ఇరుసు వైపు కడ్డీ బ్రాకెట్‌ని లేచినంత మేర పైకి జరిపితే సర్దుకుంది. అన్ని పికప్‌లకీ ఇది ఉండదు, ఉంటే మాత్రం వదలొద్దు. చక్రాలు వేలాడేలా లేపినప్పుడు ఇరుసు దగ్గరి రబ్బరు బ్రేక్ గొట్టం బిగుసుకుంటోందేమో కూడా అప్పుడే చూడండి.

నా తప్పు ఇంకొకటి. బుష్ బోల్టులన్నీ బండి గాల్లో ఉండగానే ఫుల్‌గా బిగించేశాను. చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. మూడు నెలలకి కిచకిచ మొదలైంది, ఒక బుష్ చిరిగింది. యు-బోల్టులు పాతవి వాడకండి, ఒకసారి సాగినవి మళ్ళీ పట్టవు. కొత్తవైనా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుందో చూపే పానాతో) మళ్ళీ చూడాలి, నావి రెండు నట్లు అర చుట్టు తిరిగాయి. అలైన్‌మెంట్ ఎలాగూ చేయిస్తారు. హెడ్‌లైట్లు దించడం అందరూ మర్చిపోతారు, ఎదురొచ్చేవాళ్ళు తిట్టాక గుర్తొస్తుంది.

మీ ప్రశ్నకి జవాబు, బిగించుకోవచ్చు. కాకపోతే కిట్ ఆర్డర్ పెట్టకముందే టార్చి తీసుకుని బండి కిందికి దూరి, ఎడమ కమాన్ ముందు బోల్టు తల ఎటు వైపుందో చూడండి. టాంకీ వైపుంటే బామ్మర్దికి మూడు రోజులు ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కోండి.