సత్యసాయి పథకానికి ముందు అనంతపురం పల్లెల్లో ఏ నీళ్లు తాగేవారు?

సత్యసాయి నీటి పథకం రాకముందు ఉమ్మడి అనంతపురం జిల్లాలో అసలు మంచినీళ్లే ఉండేవి కావా అని అడిగారు. ఉండేవి. చాలా ఊళ్లకు అవి ఏటి ఇసుక కింద ఉండేవి.

మాది చిత్రావతి ఒడ్డున పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా కాబట్టి ఏరు పారగా చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెల్లవారకముందే అవ్వ వెంట ఏట్లోకి వెళ్లేవాణ్ణి. ఆమె చేతులతో ఇసుక తోడి మోకాలి లోతు చెలమ తీసేది. మొదట ఊరే బురద నీళ్లను పారబోసి, ఊట తేటబడేదాకా కూర్చోవాలి. ఆ తర్వాత బిందె మూతికి పాత చీర పేలిక కట్టి, కొబ్బరి చిప్పతో కొంచెం కొంచెంగా పోయాలి. తొందరపడి చిప్పను లోతుగా ముంచితే ఇసుక లేచేది, నా వీపు మోగేది. ఎండలు ముదిరేకొద్దీ చెలమ నడుము లోతుకు దిగేది.

ఊళ్లో చేదబావి కూడా ఉండేది. అక్కడ దళితవాడ ఆడవాళ్లు గట్టెక్కకుండా కింద నిలబడి, ఎవరైనా తోడి పోస్తే పట్టుకునేవారు.

తర్వాత బోరింగు వచ్చింది. 1970ల చివరి నుంచి దేశమంతటా పల్లెల్లో వేసిన ఇండియా మార్క్-2 చేతిపంపు అది. మా ఊళ్లో కొబ్బరికాయ కొట్టి మరీ కొట్టడం మొదలుపెట్టారు. దాని దగ్గర గట్టు లేదు, ఎవరి బిందె వారే నింపుకోవచ్చు. ఆ మేలు చిన్నది కాదు. కానీ రాతి పొరల్లోంచి వచ్చే ఆ నీళ్లు అద్దంలా మెరిసినా వాటితో కందిపప్పు ఉడికేది కాదు. పైగా ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు, ఆపైన ఎముకలు పాడవుతాయి. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. అవ్వ మాత్రం తాగడానికి ఏటి నీళ్లే తెచ్చుకునేది. చాదస్తం అనుకున్నాం.

ఇక మీరడిగిన పథకం. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఖర్చు పెట్టుకోగా, 1995లో ఎల్ అండ్ టి కంపెనీ పనులు మొదలుపెట్టింది. ఏడు వందలకు పైగా గ్రామాలకు పైపులు వేశారు. తర్వాత నిర్వహణను ప్రభుత్వానికి అప్పగించారు. 1999లో దీని మీద తపాలా బిళ్ల కూడా వచ్చింది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు ఆసక్తి కలిగించింది నీళ్లు ఎక్కడి నుంచి తీసుకున్నారన్నది. కొన్ని ఊళ్లకు తుంగభద్ర ఎగువ కాలువలో నీళ్లు వదిలినప్పుడు చెరువుల్లో నింపుకొని ఎండాకాలానికి దాచారు. మరికొన్ని చోట్ల చిత్రావతి, పెన్నా, హగరి ఇసుకలో ఊటబావులు తవ్వి మోటార్లు బిగించారు. మా అవ్వ తీసిన చెలమకు సిమెంటు ఒరలు దించి, పైపు తగిలించి ఊళ్లోకి తెచ్చారన్నమాట! మొదటిరోజు వీధి కుళాయి నీళ్లు నోట్లో పోసుకుని, "ఇవి మన ఏటివే" అందామె. ఆ పూట పప్పు మెత్తగా ఉడికింది.

ఊటబావి బతికేది ఇసుక వల్లనే. వరదనీటిని పట్టి ఉంచేదీ, వడకట్టేదీ ఆ ఇసుకే. మా దగ్గర తర్వాతి కాలంలో రాత్రిళ్లు ట్రాక్టర్లు ఏట్లోకి దిగి దాన్ని ఎత్తుకుపోయాయి. ఇప్పుడు మా కుళాయిల్లో వచ్చేవి దూరపు జలాశయం నీళ్లు. వాటికి వంక పెట్టను, వేళకు వస్తున్నాయి. కిందటి వేసవిలో మా అబ్బాయికి చెలమ ఎలా తీస్తారో చూపిద్దామని ఏట్లోకి తీసుకెళ్లాను. మూరెడు తవ్వేసరికి చేతికి బండ తగిలింది.